కట్టడానికి నిధులున్నాయి, నడపడానికి లేవు: నిరాశ్రయుల షెల్టర్ల లెక్క

యాభై మంది తలదాచుకునే షెల్టర్‌ను ఏడాది పొడవునా నడపడానికి జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ మార్గదర్శకాలు లెక్కగట్టిన ఖర్చు 6 లక్షల రూపాయలు. అంటే నెలకు యాభై వేలు. మనిషికి రోజుకు ఎంత పడుతుందో చూస్తే 33 రూపాయలకు మించదు.

ఆ యాభై వేలలో ఏమేం చేయాలో ఒకసారి చూడాలి. షెల్టర్ 24 గంటలూ తెరిచి ఉండాలన్నది నిబంధన, కాబట్టి మూడు షిఫ్టుల్లో ముగ్గురు కేర్‌టేకర్లు కావాలి. ఒక్కొక్కరికి పది వేలే ఇస్తారనుకున్నా ముప్పై వేలు జీతాలకే పోతాయి. మిగిలిన ఇరవై వేలలో కరెంటు బిల్లు కట్టాలి, నీళ్లు తెప్పించాలి, మరుగుదొడ్లు కడిగించాలి, యాభై దుప్పట్లు ఉతికించాలి, నల్లుల మందు కొట్టించాలి, పాడైన మోటారు బాగు చేయించాలి. జ్వరంతో వచ్చిన ముసలాయనను ఆస్పత్రికి తీసుకెళ్లాలంటే ఆటో డబ్బులు కూడా అందులోంచే రావాలి. పైగా ఈ రేటు 2013లో మిషన్ మొదలైనప్పటిది.

ఈ మాత్రం డబ్బు కూడా ఐదేళ్లకే. ఆ ఐదేళ్లూ కేంద్రం, రాష్ట్రం కలిసి భరించేవి. మొదట్లో 75:25గా ఉన్న వాటా తర్వాత 60:40 అయింది. ఐదేళ్లు దాటాక షెల్టర్ భారం రాష్ట్రానిదీ మున్సిపాలిటీదీ. ఆస్తి పన్ను సరిగా వసూలు కాక, పారిశుధ్య కార్మికుల జీతాలకే వెతుక్కునే మున్సిపాలిటీకి ఈ ఖర్చు చివరి ప్రాధాన్యం అవుతుంది. నడిపే స్వచ్ఛంద సంస్థకు బిల్లులు నెలల తరబడి పెండింగ్‌లో పడితే మొదట పోయేది రాత్రి షిఫ్టు కేర్‌టేకర్. ఆ తర్వాత శుభ్రత. ఆ తర్వాత జనం రావడం మానేస్తారు. అప్పుడు ‘షెల్టర్‌కు ఆదరణ లేదు’ అని ఫైలులో రాసుకుంటారు.

నిరాశ్రయుల కోసం మన ప్రభుత్వాలు వేసే ప్రణాళికల్లో అసలు చిక్కు ఇక్కడే ఉంది. భవనానికి నిధులు దొరుకుతాయి, శంకుస్థాపన జరుగుతుంది, ఫొటో వస్తుంది. ప్రతి నెలా ఒకటో తారీఖున కావాల్సిన డబ్బుకు మాత్రం పక్కా పద్దు ఉండదు.

కోర్టు చెబితే కదిలిన వ్యవహారం

ఏడాది పొడవునా నడిచే ఈ షెల్టర్ల పథకం ప్రభుత్వాలు తమంతట తాము తలపెట్టింది కాదు. 2009 డిసెంబరులో, గడ్డకట్టే చలిలో, ఢిల్లీ పూసా రోడ్డు దగ్గరున్న తాత్కాలిక షెల్టర్‌ను అక్కడి కార్పొరేషన్ తొలగించింది. అందులో ఉన్నవాళ్లు రోడ్డున పడ్డారు, మరణాలు కూడా జరిగాయని వార్తలొచ్చాయి. అప్పటికే సుప్రీంకోర్టులో ఆహార హక్కు కేసు నడుస్తోంది. ఆ కేసులో కోర్టు నియమించిన కమిషనర్లు ఎన్‌.సి. సక్సేనా, హర్ష్ మందర్ 2010 జనవరిలో ఈ విషయం కోర్టు దృష్టికి తెచ్చారు. చలికి చచ్చిపోయేవాడికి ఆహార హక్కు ఏం మిగులుతుందన్నది వాళ్ల వాదనలోని సారం. కోర్టు ముందు ఢిల్లీని, తర్వాత మిగతా పెద్ద నగరాలను ఆదేశించింది. ప్రతి లక్ష జనాభాకు వంద మంది పట్టే షెల్టర్ ఒకటి, ఏడాది పొడవునా, 24 గంటలూ ఉండాలంది.

కేంద్రం 2013లో తెచ్చిన పట్టణ జీవనోపాధి మిషన్‌లో షెల్టర్లు ఒక భాగమయ్యాయి. మనిషికి కనీసం 50 చదరపు అడుగుల చోటు, మంచినీళ్లు, వంట చేసుకునే వీలు, సామాను పెట్టుకునే అరలు, మరుగుదొడ్లు ఉండాలని మార్గదర్శకాల్లో ఉంది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ దీన్ని పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ మెప్మా చూసింది. కాగితం మీద చూస్తే మంచి పథకమే. అమలు చూశాక సుప్రీంకోర్టు మళ్లీ కలగజేసుకోవాల్సి వచ్చింది. 2016 నవంబరులో, పట్టణ నిరాశ్రయుల షెల్టర్లపై నడుస్తున్న ఇ.ఆర్. కుమార్ కేసులో, ఢిల్లీ హైకోర్టు రిటైర్డ్ జడ్జి జస్టిస్ కైలాష్ గంభీర్ అధ్యక్షతన కమిటీ వేసి, రాష్ట్రాలవారీగా షెల్టర్లు ఎలా ఉన్నాయో, డబ్బు ఎందుకు ఖర్చు కావడం లేదో చూడమంది.

ఆ మిషన్ గడువు 2024 సెప్టెంబరు 30తో ముగిసింది. అప్పటికి దేశమంతా కలిపి పనిచేస్తున్న షెల్టర్లు దాదాపు 2 వేలు, వాటిలో పట్టేది లక్షా 41 వేల మంది. 2025 ఫిబ్రవరిలో ఇదే కేసు విచారణకు వచ్చినప్పుడు, పట్టణ పేదరిక నిర్మూలనకు కొత్త మిషన్ ఖరారు దశలో ఉందని, నిరాశ్రయుల షెల్టర్లు కూడా అందులో ఉంటాయని అటార్నీ జనరల్ కోర్టుకు చెప్పారు. అది వచ్చేలోపు పాత మిషన్‌ను కొనసాగిస్తారా అని ధర్మాసనం అడిగింది. మామూలు మాటల్లో ఆ ప్రశ్నకు అర్థం, ఈ నెల కరెంటు బిల్లు ఎవరు కడతారని.

ఎవరిని లెక్కపెట్టారు, ఎవరిని వదిలేశారు

2011 జనగణన ప్రకారం దేశంలో ఇల్లు లేనివాళ్లు 17.73 లక్షలు. అందులో పట్టణాల్లో ఉన్నది 9.38 లక్షలు. 2001తో పోలిస్తే పల్లెల్లో ఈ సంఖ్య తగ్గింది, పట్టణాల్లో అయిదో వంతు పెరిగింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పల్లె, పట్టణం కలిపి దాదాపు లక్షా 45 వేల మంది.

ఈ లెక్క ఎలా తీశారన్నది కూడా చూడాలి. 2011 ఫిబ్రవరి 28 రాత్రి ఎన్యూమరేటర్లు ఫుట్‌పాత్‌లు, ఫ్లైఓవర్ల కింద, రైల్వే ప్లాట్‌ఫారాలు, గుడి మండపాలు, తూముల్లాంటి పైపులు తిరిగి చూశారు. ఒకే రాత్రి. ఆ రాత్రి పోలీసులు తరిమితే పక్క వీధికి పోయినవాళ్లు, నైట్ డ్యూటీ పనిలో ఉన్నవాళ్లు, భయంతో ఏ షట్టర్ వెనకో పడుకున్న ఆడవాళ్లు లెక్కలోకి రారు. ఢిల్లీ ఉదాహరణ చూస్తే తేడా ఎంత ఉంటుందో తెలుస్తుంది. 2011 జనగణనలో అక్కడ 46,724 మంది నిరాశ్రయులు తేలారు. మూడేళ్ల తర్వాత, 2014లో, ఢిల్లీ ప్రభుత్వ షెల్టర్ల బోర్డు చేసిన సర్వేలో 16,760 మందే ఉన్నారు. మూడేళ్లలో ముప్పై వేల మందికి ఇళ్లు వచ్చి ఉంటాయని ఎవరూ అనుకోరు. లెక్క తగ్గితే కట్టాల్సిన షెల్టర్లూ తగ్గుతాయి, అందుకే ఈ సంఖ్యల మీద ఎప్పుడూ గొడవే.

చాలామందిని వదిలేసిన జనగణన లెక్కే సరైనదనుకున్నా చోటు సరిపోదు. 2011లో దేశ పట్టణ జనాభా 37.7 కోట్లు. లక్షకు వంద పడకల ప్రమాణాన్ని ప్రతి పట్టణంలోనూ నూటికి నూరు శాతం పాటించినా వచ్చేది 3.77 లక్షల పడకలు. 9.38 లక్షల మందిలో సగం మంది కూడా పట్టరు. ఉన్న లక్షా 41 వేలైతే నూటికి పదిహేను మందికి సరిపోతాయి. ఇక హైదరాబాద్ సంగతి. 2011లో జీహెచ్‌ఎంసీ జనాభా 67 లక్షలు కాబట్టి కోర్టు లెక్కన 67 షెల్టర్లు ఉండాలి. ఉన్నవి ఆ సంఖ్యకు దరిదాపుల్లో లేవు, నగరమేమో ఈ పదిహేనేళ్లలో ఎంతో పెరిగింది.

అడ్డాకు దూరమైతే షెల్టర్ ఖాళీ

షెల్టర్ ఉన్నా వాళ్లు ఫుట్‌పాత్ మీదే పడుకుంటారు, వాళ్లకు అదే అలవాటు అని అధికారులు తరచూ అంటుంటారు. ఈ మాట అన్యాయం. ఎందుకు రావడం లేదో అడిగితే జవాబులు సూటిగా ఉంటాయి.

అడ్డా కూలీనే తీసుకోండి. పాలమూరు నుంచో శ్రీకాకుళం నుంచో వచ్చిన మనిషి పొద్దున ఆరింటికల్లా అడ్డా మీద నిలబడాలి. మేస్త్రీ వచ్చి పది మందిని ఎక్కించుకుని పోయాక వచ్చినవాడికి ఆ రోజు పని లేనట్టే. షెల్టర్ ఆరు కిలోమీటర్ల దూరంలో ఉంటే పొద్దున బస్సు దొరకదు, ఆటోకు కూలీలోంచి పెట్టలేడు. అడ్డా పక్కన మూసిన షాపు మెట్ల మీద పడుకుంటే ఖర్చు లేదు, పని పోదు. పార, తట్ట, గమేళా ఎక్కడ పెట్టాలన్నది ఇంకో టెన్షన్. అవి పోతే మళ్లీ కొనడానికి రెండు రోజుల కూలీ పోతుంది. తాళం వేసుకునే అర ఉన్న షెల్టర్‌కే ఆ మనిషి వస్తాడు.

భార్యాభర్తలైతే మరో ఇబ్బంది. చాలా షెల్టర్లు మగవాళ్లకు వేరు, ఆడవాళ్లకు వేరు. కుటుంబానికి చోటుండదు. పదేళ్లు దాటిన కొడుకును ఆడవాళ్ల షెల్టర్‌లో ఉండనివ్వకపోతే ఆ తల్లి పిల్లాడిని ఒక్కడినే ఎటో పంపించి తాను లోపల పడుకుంటుందా? ముగ్గురూ కలిసి ఫ్లైఓవర్ కిందే ఉంటారు. దాన్ని అలవాటు అని ఎలా అంటాం!

పెద్దాస్పత్రుల దగ్గర ఇంకో గుంపు కనిపిస్తుంది. ఉస్మానియా, గాంధీ, నీలోఫర్, విశాఖ కేజీహెచ్, గుంటూరు జీజీహెచ్, తిరుపతి రుయా, ఏ ఆస్పత్రి ముందు చూసినా రాత్రి పదయ్యేసరికి చాపలు పరుచుకుంటాయి. లోపల పేషెంట్, పక్కన ఉండనిచ్చేది ఒక్కరినే. మిగతా ఇద్దరు ముగ్గురు బయట. వీళ్లకు ఊళ్లో ఇల్లుంది, కాబట్టి నిరాశ్రయుల లెక్కలోకి రారు. అయినా నెల రోజులు డయాలసిస్ కోసమో, నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ కోసమో కాపలా ఉన్న మనిషికి ఆ నెల రోజులూ ఫుట్‌పాతే ఇల్లు. ఇటువంటి చోట్ల ఆస్పత్రి ఆవరణలోనే షెల్టర్ కడితే ఖాళీగా ఉండే ప్రశ్నే రాదు. చెన్నై కార్పొరేషన్ ఆ దారి పట్టింది. ప్రభుత్వ ఆస్పత్రుల్లో అటెండెంట్లకు షెల్టర్లు, మానసిక సమస్యలున్నవాళ్లకు వేరేవి, పిల్లలకు వేరేవి పెట్టి స్వచ్ఛంద సంస్థల చేత నడిపిస్తోంది. హైదరాబాద్‌లోనూ కొన్ని ఆస్పత్రుల దగ్గర కట్టారు. ఇది ప్రతి జిల్లా ఆస్పత్రికీ మామూలు నిబంధన కావాలి.

మన ఊళ్ల మీద ఎండ రాసిన తేడా

ఈ మొత్తం వ్యవహారం ఢిల్లీ చలిలోంచి పుట్టింది కాబట్టి ప్రభుత్వాల హడావుడి కూడా డిసెంబరు, జనవరి నెలల్లోనే కనిపిస్తుంది. దుప్పట్ల పంపిణీ, రాత్రి తనిఖీలు, పేపర్లో ఫొటోలు. తెలుగు నేల మీద మనుషుల్ని ఎక్కువగా చంపేది చలి కాదు, మే నెల. 2015 వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో కలిపి వెయ్యి మందికి పైగా చనిపోయారు. నీడ లేనివాళ్లు, ఎండలో పనిచేసేవాళ్లు, ముసలివాళ్లు వడదెబ్బకు ముందు పడిపోతారు. ఫుట్‌పాత్ మీద బతికే వృద్ధుడిలో ఈ మూడూ ఒకేచోట కలుస్తాయి.

చాలా షెల్టర్లు మాత్రం ‘నైట్ షెల్టర్లు’గానే మిగిలిపోయాయి. పొద్దున ఎనిమిదింటికి బయటికి పంపి, సాయంత్రం మళ్లీ తలుపు తీస్తారు. కోర్టు 24 గంటలని చెప్పింది, కేంద్రం మార్గదర్శకాలూ అదే చెప్పాయి. పగలు తెరిస్తే పగటి షిఫ్టు జీతం ఇవ్వాలి, ఫ్యాన్లు తిరగాలి, నీళ్లు ఎక్కువ కావాలి. మళ్లీ ఆ యాభై వేల దగ్గరికే వచ్చాం. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు వరకు తలుపు తీసి ఉంచడానికి విడిగా డబ్బివ్వడం పెద్ద ఖర్చేమీ కాదు. మున్సిపాలిటీలు వేసే వేసవి కార్యాచరణ ప్రణాళికల్లో చలివేంద్రాల పక్కన షెల్టర్ల పేరు కూడా ఉండాలి.

తిండి విషయంలో రెండు రాష్ట్రాలూ ఇంతకంటే మెరుగ్గా ఆలోచించాయి. హైదరాబాద్‌లో 2014 నుంచి ఐదు రూపాయల భోజనం దొరుకుతోంది. ఆంధ్రప్రదేశ్‌లో అన్న క్యాంటీన్లు మధ్యలో మూతపడినా 2024 ఆగస్టు 15 నుంచి మళ్లీ తెరుచుకున్నాయి. కట్టేసి వదిలేయకుండా రోజూ ప్లేటుకు ఇంత అని సబ్సిడీ ఇస్తున్నారు కాబట్టే అవి నడుస్తున్నాయి. పడకకూ అదే పద్ధతి పెట్టకూడదని ఎక్కడా లేదు.

ఇళ్ల పథకాల్లో వీళ్ల పేరు ఎందుకు రాదు

నిరాశ్రయులకు షెల్టర్ ఎందుకు, నేరుగా ఇల్లే ఇవ్వొచ్చు కదా అన్న ప్రశ్న న్యాయమైనదే. డబ్బు కూడా అక్కడే ఉంది. 2024లో ఆమోదం పొందిన ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ రెండో దశ లక్ష్యం కోటి ఇళ్లు, ప్రభుత్వ సాయం 2.30 లక్షల కోట్లు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో మొదలుపెట్టి 30 లక్షలకు పైగా ఇళ్ల పట్టాలు ఇచ్చామని అప్పటి ప్రభుత్వం చెప్పింది. తెలంగాణ ఇందిరమ్మ ఇళ్ల కింద ఇంటికి 5 లక్షలు ఇస్తోంది, నియోజకవర్గానికి 3,500 ఇళ్లు.

వీటిలో దేనికి దరఖాస్తు పెట్టాలన్నా ఆధార్ కావాలి, రేషన్ కార్డు కావాలి, ఇందిరమ్మ మొదటి విడతకైతే సొంత జాగా కావాలి. కేంద్ర పథకంలో ఎక్కువ ఇళ్లు వచ్చిన విభాగం కూడా సొంత స్థలంలో కట్టుకునేవాళ్లదే. అపార్ట్‌మెంట్ తరహా ఇళ్లకైతే లబ్ధిదారు వాటా కట్టాలి, లేదా బ్యాంకు అప్పు పుట్టాలి. అద్దె ఇల్లున్న పేదవాడిని దృష్టిలో పెట్టుకుని చేసిన పథకాలు ఇవి. ఏ ఇల్లూ, ఏ అడ్రసూ లేని మనిషి మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతాడు. కొత్త ఆవాస్ యోజనలో అద్దె ఇళ్ల విభాగం ఒకటుంది, తక్కువ అద్దెకు గదులు, డార్మిటరీలు కట్టే వీలుంది. నిరాశ్రయులకు నిజంగా పనికొచ్చేది అదే. రాష్ట్రాలు దాన్ని ఎంత పట్టించుకుంటాయన్నదే అనుమానం, ఎందుకంటే అద్దె గదికి తాళం చెవి ఇచ్చే సభ పెట్టడం కుదరదు.

కాగితాల చిక్కు విప్పడం అసాధ్యమేమీ కాదు. ఇల్లు లేనివాళ్ల పేరు ఓటరు జాబితాలో చేర్చడానికి ఎన్నికల సంఘం దగ్గర ఒక పద్ధతి ఉంది. దరఖాస్తులో రాసిన చోటికి బూత్ లెవెల్ ఆఫీసర్ రాత్రిపూట వెళ్లి ఆ మనిషి నిజంగా అక్కడే పడుకుంటున్నాడా అని చూడాలి, ఒక్క రాత్రితో సరిపెట్టకూడదు. చూసి నిర్ధారించుకుంటే అడ్రస్ ప్రూఫ్ అక్కర్లేదు. ఓటుకు చేయగలిగినప్పుడు రేషన్ కార్డుకు ఎందుకు చేయకూడదు? గుర్తింపు పొందిన షెల్టర్ నిర్వాహకుడు ఇచ్చే సర్టిఫికెట్‌తో ఆధార్ తీసుకునే వీలు కూడా ఉంది. ఆ సంగతి షెల్టర్ గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి పెడితే చాలామందికి దారి దొరుకుతుంది.

కేరళ ఈ దారిలో ముందుకెళ్లింది. అతి పేద కుటుంబాలు 64,006 అని సర్వేలో తేల్చి, ఒక్కో కుటుంబానికి విడిగా ప్రణాళిక రాసింది. అందులో మొదటి పని కాగితాలు. ఆధార్, రేషన్ కార్డు, పింఛను లాంటివి త్వరగా ఇప్పించే డ్రైవ్ పెట్టి, ఆ తర్వాత ఇల్లు, వైద్యం, ఉపాధి దగ్గరికి వచ్చింది. 2025 నవంబరు 1న అతి పేదరికం లేని రాష్ట్రంగా ప్రకటించుకుంది. ఆ ప్రకటన మీద విమర్శలు ఉన్నాయి, ఉండాలి కూడా. అయితే మనిషి పేరుతో మొదలుపెట్టి పథకం దగ్గరికి వెళ్లిన ఆ వరస సరైనది. మన దగ్గర పథకంతో మొదలుపెట్టి దానికి సరిపడే మనిషిని వెతుకుతారు.

తరిమేయడం కూడా ఖర్చే

హైదరాబాద్‌లో 2017 నవంబరులో ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు జరిగింది. దానికి ముందు పోలీసులు రెండు నెలల పాటు భిక్షాటనను నిషేధిస్తూ ఉత్తర్వులిచ్చారు. రోడ్ల మీద కనిపించినవాళ్లను వ్యాన్లలో ఎక్కించి చంచల్‌గూడ, చర్లపల్లి జైళ్ల ఆవరణల్లోని ఆశ్రమాలకు తరలించారు. బిచ్చగాళ్ల ఆచూకీ చెప్పినవాళ్లకు 500 రూపాయలు ఇస్తామని జైళ్ల శాఖ ప్రకటించింది. వాళ్లలో బిచ్చగాళ్లెందరు, కేవలం ఇల్లు లేనివాళ్లెందరు అని విడదీసి చూసే ఓపిక ఆ హడావుడిలో ఎవరికీ లేదు. వ్యాన్లు, సిబ్బంది, తిండి, అన్నిటికీ డబ్బు అప్పుడు దొరికింది.

1977 నాటి భిక్షాటన నిరోధక చట్టం రెండు రాష్ట్రాల్లోనూ ఉంది. ఢిల్లీలో వర్తించే ఇలాంటి చట్టంలోని కీలక సెక్షన్లను అక్కడి హైకోర్టు 2018లో కొట్టేసింది, పేదరికాన్ని నేరంగా చూడొద్దని. మానసిక సమస్యలతో రోడ్ల మీద తిరిగేవాళ్ల సంగతైతే 2017 మానసిక ఆరోగ్య చట్టంలోనే రాసి ఉంది. నిరాశ్రయులకు ఉచితంగా వైద్యం అందించాలి, రేషన్ కార్డు ఉందా లేదా అని అడగకూడదు. షెల్టర్‌కు వారానికోసారి సైకియాట్రిస్ట్ రావడం ఆ చట్టం ప్రకారం దయ కింద లెక్క కాదు.

డబ్బు ఏ రూపంలో రావాలి

కొత్త మిషన్ ఏ పేరుతో వచ్చినా చూడాల్సింది ఎన్ని కోట్లు కేటాయించారని మాత్రమే కాదు. నిర్వహణ ఖర్చుకు ఐదేళ్ల గడువు తీసేశారా? పడకకు రోజుకు ఇంత అని, ధరలతో పాటు పెరిగే రేటు పెట్టారా? 33 రూపాయల రేటే మళ్లీ వస్తే పాత కథే. మున్సిపల్ బడ్జెట్‌లో షెల్టర్ల నిర్వహణకు సొంత పద్దు ఉండాలి, వీధి దీపాలకు ఉన్నట్టు. వీధి దీపాల కరెంటు బిల్లు కేంద్రం ఇస్తేనే కడతామని ఏ కమిషనరూ అనడు. నడిపే సంస్థకు చెల్లింపు ఆలస్యమైతే వడ్డీతో ఇవ్వాలన్న షరతు ఒప్పందంలోనే రాయాలి, లేకపోతే మంచి సంస్థలు టెండర్‌కే రావు.

చోటు ఎంపిక కూడా టౌన్ ప్లానింగ్ సెక్షన్ చేతిలో వదలకూడదు. ఖాళీగా ఉన్న కమ్యూనిటీ హాలు ఊరి చివర ఉంది కదా అని అక్కడ షెల్టర్ పెడితే తాళం వేసుకోవడమే మిగులుతుంది. అడ్డాలు, రైల్వే స్టేషన్లు, బస్టాండ్లు, మార్కెట్ యార్డులు, పెద్దాస్పత్రులు ఎక్కడున్నాయో ప్రతి కార్పొరేషన్‌కూ తెలుసు.

వచ్చే జనగణన 2027లో ఉంది, ఇల్లు లేనివాళ్లను ఫిబ్రవరి నెలాఖరులో లెక్కపెడతారు. ఆ ఒక్క రాత్రి వదిలేసినవాళ్లు ఇంకో పదేళ్ల పాటు ఏ కేటాయింపులోనూ కనిపించరు. కాబట్టి విజయవాడ, విశాఖ, హైదరాబాద్, వరంగల్ కార్పొరేషన్లు అంతకు ముందే తమ నగరాల్లో రాత్రిపూట జనం పడుకునే చోట్లన్నిటినీ గుర్తించి, వార్డులవారీగా జాబితా చేసి, ఎన్యూమరేటర్లకు ఇవ్వాలి. ఆ రాత్రి ఎవరినీ అక్కడి నుంచి లేపొద్దని పోలీస్ కమిషనర్లకు ముందే రాసి పెట్టాలి.